తప్పిన లెక్కను దాచని రిచర్డ్‌సన్

బెంగళూరు కేంబ్రిడ్జ్ లేఅవుట్‌లో 2023లో ఒక తపాలా కార్యాలయం మొదలైంది. దాని గోడలకు ఎవరూ ఇటుక మీద ఇటుక పేర్చలేదు. కంప్యూటర్ చెప్పిన దారిలో కదిలే యంత్రం కాంక్రీటును పొర మీద పొరగా పోసుకుంటూ పోయింది. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు గోడ దిగింది. వెయ్యి చదరపు అడుగులు దాటిన ఆ భవనాన్ని ఎల్ అండ్ టీ సంస్థ కట్టింది, మద్రాసు ఐఐటీ సాంకేతిక సలహా ఇచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2021లో, ఆ ఐఐటీ ప్రాంగణంలోనే ఇలా ముద్రించిన ఇల్లు ఒకటి ప్రారంభమైంది. దీన్నే త్రీడీ ప్రింటింగ్ అంటున్నాం. కర్ణాటక, తమిళనాడులలోని మన తెలుగు బడుల పిల్లలకు ఇవి చూడలేనంత దూరంలో లేవు.

చిన్న బొమ్మను ముద్రిస్తే, పాడైనా మళ్లీ చేసుకోవచ్చు. ఇల్లు, పడవ, కారు అయితే అలా కుదరదు. కింది పొర గట్టిపడకముందే పై పొరలు పడితే కాంక్రీటు గోడ ఒరిగిపోతుంది. ప్లాస్టిక్ కరిగించి పోసే పెద్ద యంత్రాల్లో చిక్కు రెండు వైపులా ఉంది. కింది పొర మరీ వేడిగా ఉంటే జారుతుంది, మరీ చల్లారితే పై పొర దానికి అతుక్కోదు. చల్లారేటప్పుడు వస్తువు ముడుచుకుని వంకర తిరుగుతుంది, ఒక్కోసారి పొరల మధ్య పగులు వస్తుంది. 2014లో అమెరికాలోని షికాగోలో ఒక ప్రదర్శనలో స్ట్రాటి అనే కారు ఒంటిని సుమారు 44 గంటల్లో ముద్రించారు. అంతసేపు నడిచిన యంత్రం 40వ గంటలో పగులు చూపిస్తే ఏం చేయాలి? అందుకే పోయకముందే కంప్యూటర్‌లో ఆ వస్తువును పోసి చూస్తారు. దాన్నే సిమ్యులేషన్ అంటారు.

కంప్యూటర్ అక్కడ చేసే పని వినడానికి చాలా చిన్నది. వస్తువును వేల, లక్షల చిన్న గళ్లుగా విడగొడుతుంది. కాలాన్ని కూడా చిన్న చిన్న అడుగులుగా విడగొడుతుంది. ఒక్కో అడుగులో ఒక్కో గడి తన పక్క గళ్ల నుంచి ఎంత వేడి తీసుకుంది, ఎంత ఇచ్చింది, ఎంత బరువు మోసింది అని కూడికలు, తీసివేతలు చేస్తుంది. ఇంకా పోయని పొరల గళ్లు లెక్కలో నిద్రపోతుంటాయి. యంత్రం అక్కడికి చేరగానే అవి మేల్కొంటాయి.

ఈ దారి తొక్కిన తొలితరం వారిలో ముఖ్యుడు లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త. ఆయన పని చేసిన రోజుల్లో కంప్యూటర్ యంత్రాలు లేవు. కంప్యూటర్ అనే మాటకు అప్పట్లో లెక్కలు చేసే మనిషి అనే అర్థం. ఆయన కంప్యూటర్లలో కొందరు కుర్రవాళ్లు.

చర్మకారఖానా ఇంటి చివరి బిడ్డ

రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11న ఉత్తర ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పుట్టారు. ఏడుగురు సంతానంలో ఆఖరివారు. తండ్రికి తోలు శుద్ధి చేసే కార్ఖానా ఉండేది. వారిది క్వేకర్ కుటుంబం. క్వేకర్లు క్రైస్తవంలో ఒక శాఖ వారు, ఏ కారణానికైనా సరే మనిషి మీద ఆయుధం ఎత్తకూడదని నమ్ముతారు. ఆ నమ్మకం ఆయన జీవితంలో మూడు నాలుగు మలుపులు తిప్పింది.

యార్క్ నగరంలోని క్వేకర్ల బడిలో చదివి, న్యూకాజిల్ కళాశాల మీదుగా కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీకి చేరారు. 1903లో ప్రకృతి శాస్త్రాలలో మొదటి శ్రేణిలో నెగ్గారు. తర్వాత పదేళ్లు ఒకచోట నిలవలేదు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొన్నాళ్లు, దీపాల కంపెనీలో కొన్నాళ్లు, మాంచెస్టర్ కళాశాలలో కొన్నాళ్లు పని చేశారు.

మధ్యలో 1906లో పీట్ వ్యాపారం చేసే ఒక సంస్థలో చేరారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడే నల్లటి మట్టి. దాన్ని ఎండబెట్టి పొయ్యిలో వాడతారు. తవ్వాలంటే ముందు నీరు తీయాలి. కాలువలు ఎక్కడ, ఎంత దూరంలో తవ్వితే నీరు సరిగా దిగుతుందన్నది ఆయన ముందుకొచ్చిన ప్రశ్న. నీటి ప్రవాహానికి సమీకరణం ఉంది. కానీ అది చక్కటి ఆకారాలకే లొంగుతుంది. నిజమైన నేల గతుకులు, వంకరలు కలది. పుస్తకంలోని పద్ధతులు అక్కడ పనికిరాలేదు.

అప్పుడు ఆయన తేలికపాటి ఉపాయం పట్టారు. నేల పటం మీద గళ్లు గీశారు. ప్రతి గడిలో ఒక అంకె వేసి, దాన్ని పక్క గళ్ల అంకెలతో సరిచేస్తూ పోయారు. చాలాసార్లు సరిచేశాక అంకెలు కదలడం మానేస్తాయి. అప్పుడు మిగిలినదే జవాబు. అది అచ్చంగా కచ్చితమైన జవాబు కాదు, కచ్చితమైన జవాబుకు దగ్గరది. ఇంజినీరుకు అది చాలు.

తప్పు చేస్తే కూలి లేదు

ఇదే ఉపాయాన్ని ఆయన రాతి ఆనకట్టకు వాడారు. వెనక నీరు నెడుతుంటే రాతిలో ఏ మూల ఎంత ఒత్తిడి పడుతుందో గడి గడికీ లెక్క కట్టారు. ఆ వ్యాసాన్ని లండన్ రాయల్ సొసైటీకి పంపారు. పొరలు పోసే ముందు గోడ నిలుస్తుందా అని ఇవాళ కంప్యూటర్‌ను అడుగుతున్న ప్రశ్నకూ, రిచర్డ్‌సన్ ఆనకట్టను అడిగిన ప్రశ్నకూ దగ్గరి చుట్టరికం ఉంది.

ఒక్కడి చేత అయ్యే లెక్క కాదది. కుర్రవాళ్లను కూలికి పెట్టుకున్నారు. బిందువుకు ఇంత అని, అంకెలో ఎన్ని స్థానాలుంటే అంత ఎక్కువ అని రేటు కట్టారు. చురుకైన కుర్రవాడొకడు మూడు స్థానాల అంకెలతో వారానికి సగటున 2,000 లెక్కలు చేశాడని ఆ వ్యాసంలోనే రాశారు. తప్పు వచ్చినవి ఆ లెక్కలోకి రావు. పిల్లలు ఎక్కువగా తడబడింది ప్లస్, మైనస్ గుర్తులు కలిసి వచ్చినచోట అని కూడా రాశారు. లెక్కల పంతుళ్లమైన మాకు ఈ మాట చదివితే నవ్వు వస్తుంది, ఊరట కూడా కలుగుతుంది. నూరేళ్ల కిందటి ఇంగ్లండ్ పిల్లలకూ ఆ రెండు గుర్తులే అడ్డం పడ్డాయి.

ఈ పనినే ఆయన కింగ్స్ కాలేజీ ఫెలోషిప్ కోసం సమర్పించారు. పెద్దలకు నచ్చలేదు. ఉజ్జాయింపు లెక్క వారి దృష్టిలో గొప్ప గణితం కాదు. ఫెలోషిప్ రాలేదు. కేంబ్రిడ్జ్ తలుపు అలా మూసుకుంది.

గడ్డివాము మీద వాతావరణం

1913లో రిచర్డ్‌సన్ బ్రిటన్ వాతావరణ శాఖలో చేరి, స్కాట్లాండ్‌లోని ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనాలయానికి అధికారి అయ్యారు. ఆనకట్టను గళ్లుగా విడగొట్టినవాడు అక్కడ ఆకాశాన్ని విడగొట్టాలనుకున్నారు. భూగోళం మీది గాలిని గళ్లు చేసి, ఒక్కో గడిలో పీడనం, గాలి వేగం, తేమ, వేడి రాసుకుంటే, కొన్ని గంటల తర్వాతి వాతావరణాన్ని కూడికలతో తేల్చవచ్చని ఆయన ఆలోచన.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. క్వేకర్ కనుక తుపాకీ పట్టనన్నారు. పట్టనని ఇంట్లో కూర్చోలేదు. 1916లో ఉద్యోగం వదిలి క్వేకర్ల అంబులెన్స్ దళంలో చేరి, ఫ్రాన్స్ యుద్ధభూమిలో గాయపడిన సైనికులను మోసే బండి నడిపారు. ఖాళీ దొరికినప్పుడు చలికి వణికించే బసలో, గడ్డివాము మీద కూర్చుని తన లెక్క సాగించారు.

1910 మే 20 ఉదయం ఐరోపా మీద వాతావరణం ఎలా ఉందో వివరాలు ఆయన దగ్గర ఉన్నాయి. జర్మనీ ప్రాంతం మీద ఆ ఉదయం ఆరు గంటల వ్యవధిలో గాలి పీడనం ఎంత మారి ఉండాలో తేల్చడం ఆయన పని. ఆ ఒక్క మార్పు కోసం దాదాపు ఆరు వారాలు పట్టింది. 1917 ఏప్రిల్‌లో షాంపేన్ యుద్ధం జరుగుతుండగా రాతప్రతిని వెనక్కి పంపితే అది దారిలో పోయింది. నెలల తర్వాత బొగ్గుల కుప్ప కింద దొరికింది.

అంత కష్టపడి తేల్చిన జవాబు ఏమిటంటే, ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కళ్లు పెరుగుతుందని. పెను తుపాను కేంద్రంలో కూడా పీడనం ఆరు గంటల్లో అంతగా మారదు. నిజానికి ఆ ఉదయం అక్కడ పీడనం దాదాపు కదలనే లేదు.

ఇక్కడ ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. జవాబును పక్కన పెట్టి పద్ధతిని మాత్రమే అచ్చు వేయవచ్చు. లేదా అంతా చూపించవచ్చు. ఆయన అంతా చూపించారు. 1922లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆయన పుస్తకం వేసినప్పుడు, తప్పిన లెక్కను ప్రతి మెట్టుతో సహా పట్టికల్లో ఉంచారు. పొరపాటు గాలి వేగాల కొలతల నుంచి వచ్చి ఉంటుందని తన ఊహ కూడా చెప్పారు.

ఆ పుస్తకంలోనే ఒక కల ఉంది. పెద్ద నాటకశాలలాంటి గుండ్రని భవనంలో 64,000 మంది మనుషులు కూర్చుని, ఒక్కొక్కరు భూమి మీది తమ వంతు ముక్కకు లెక్క కడుతుంటారు. నడుమ ఎత్తైన వేదిక మీద ఒకరు నిలబడి, ముందుకు పరుగెత్తేవారి మీదా, వెనకబడినవారి మీదా వేరు వేరు రంగుల వెలుగు వేసి అందరినీ ఒకే వేగంలో నడిపిస్తుంటారు. ఒకే లెక్కను వేల ప్రాసెసర్లు పంచుకునే నేటి సూపర్ కంప్యూటర్ పని తీరు అదే. చదివినవారు మెచ్చుకున్నారు కానీ, ఇది జరిగే పని కాదనుకున్నారు.

వదులుకున్నవి

యుద్ధం ముగిశాక రిచర్డ్‌సన్ వాతావరణ శాఖకు తిరిగి వచ్చారు. 1920లో ఆ శాఖను వైమానిక మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చారు. సైన్యంతో ముడిపడిన కొలువులో ఉండలేనని ఆయన రాజీనామా చేశారు. ఇష్టమైన పని, అందుకు కావలసిన వనరులు రెండూ ఒక్క సంతకంతో పోయాయి.

తర్వాత లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ట్రైనింగ్ కాలేజీలో, అంటే బడి పంతుళ్లను తయారుచేసే చోట, భౌతికశాస్త్రం చెప్పారు. బీఈడీ చదివిన మాబోటివాళ్లకు ఈ సంగతి దగ్గరగా తోస్తుంది. అక్కడ ఉండగానే 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. గాలిలో సుడులు ఎలా కలుస్తాయో, పొగ ఎలా చెదురుతుందో పరిశోధించారు. ఆ పరిశోధన మీద ఎక్కువ ఆసక్తి చూపుతున్నవారు విషవాయువు నిపుణులని తెలిశాక ఆయన ఆ పని ఆపి, అచ్చుకాని కాగితాలను నాశనం చేశారని భార్య డరోతీ తర్వాత గుర్తు చేసుకున్నారు. 1909లో వారి పెళ్లి జరిగింది. సొంత బిడ్డలు లేని ఆ దంపతులు ఇద్దరు కొడుకులను, ఒక కూతురిని దత్తు తెచ్చుకుని పెంచారు.

1929లో స్కాట్లాండ్‌లోని పేస్లీ సాంకేతిక కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1940లో ముందుగానే పదవి విడిచి, దేశాలు ఎందుకు యుద్ధానికి దిగుతాయో అంకెలతో తేల్చే పనికి పూనుకున్నారు. రెండు దేశాల మధ్య సరిహద్దు పొడవుకూ, యుద్ధానికీ సంబంధం ఉందా అని వెతుకుతుంటే వింత కనపడింది. స్పెయిన్, పోర్చుగల్ మధ్య సరిహద్దును ఒక లెక్క 987 కిలోమీటర్లంటే, ఇంకో లెక్క 1,214 అంది. కొలకర్ర ఎంత చిన్నదైతే అన్ని వంకరలు కొలతలోకి వస్తాయి, సరిహద్దు అంత పొడవవుతుంది. సరిహద్దుకు ఈవల ఆవల బతుకుతున్న మనవాళ్లకు ఇది ఆలోచించదగ్గ సంగతే.

గడి చిన్నదైతే

గడి ఎంత చిన్నదిగా ఉండాలన్నది రిచర్డ్‌సన్‌ను చివరిదాకా వదలని ప్రశ్న. చిన్న గళ్లయితే జవాబు బాగుంటుంది, పని పెరుగుతుంది. 1927లో గాంట్ అనే గణితవేత్తతో కలిసి ఆయన ఒక కిటుకు వివరించారు. పెద్ద గళ్లతో ఒకసారి, చిన్న గళ్లతో ఒకసారి లెక్క చేయాలి. రెండు జవాబుల తేడాను బట్టి అసలు జవాబు ఎటువైపు ఉందో అంచనా కట్టాలి.

పదో తరగతి పిల్లలు దీన్ని పై విలువతో సరిచూడవచ్చు. వ్యాసం 1 ఉన్న వృత్తంలో చతురస్రం గీస్తే దాని చుట్టుకొలత 2.828. షడ్భుజి గీస్తే 3. దోషం భుజాల సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, రెండు జవాబుల తేడా 0.172ను 1.25తో భాగించి 3కు కలపాలి. 3.137 వస్తుంది. అసలు విలువ 3.1416. నాలుగు భుజాలు, ఆరు భుజాలు మాత్రమే వాడి అంత దగ్గరకు చేరాం. కంప్యూటర్‌లో గళ్లు సరిపోయాయా లేదా అని ఇంజినీర్లు చూసుకునే పరీక్షల్లో ఈ కిటుకు ఇప్పటికీ ఉంది. పెద్ద వస్తువులను ముద్రించే ముందు చేసే సిమ్యులేషన్లలో చాలావరకు ఫైనైట్ ఎలిమెంట్ అనే పద్ధతి వాడతారు. అది వేరే దారిన పెరిగింది. పెద్దదాన్ని ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ లెక్క కుదర్చడం మాత్రం రెండింటికీ ఒకటే.

1950లో అమెరికాలో ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటర్ మీద చార్నీ, ఫ్యోర్టోఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ తొలి వాతావరణ అంచనాలు కట్టారు. 24 గంటల అంచనాకు దాదాపు 24 గంటలు పట్టింది. చార్నీ ఆ ఫలితాలను రిచర్డ్‌సన్‌కు పంపారు. ఆయన పటాలను డరోతీ ముందు పెట్టారు. మొదటి రోజు పటం, లెక్క కట్టిన పటం, ఈ రెంటిలో మర్నాటి అసలు వాతావరణానికి ఏది దగ్గరగా ఉందో చూడమన్నారు. సగటున లెక్క కట్టిన పటం వైపే ఆమె కాస్త మొగ్గారు. రిచర్డ్‌సన్ సంతోషంగా జవాబు రాస్తూ, తన ఒకే ఒక్క తప్పు జవాబుతో పోలిస్తే ఇది ఎంతో ముందడుగని మెచ్చుకున్నారు. మూడేళ్లకు, 1953 సెప్టెంబరు 30న, స్కాట్లాండ్‌లోని కిల్‌మన్‌లో నిద్రలోనే కన్నుమూశారు.

ఆ తప్పు జవాబు కథ అక్కడితో ముగియలేదు. పట్టికలన్నీ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఐర్లండ్ వాతావరణ శాస్త్రవేత్త పీటర్ లించ్ వాటిని కంప్యూటర్‌లో మళ్లీ చేశారు. రిచర్డ్‌సన్ పద్ధతి సరైనదే. మొదట తీసుకున్న పీడనం, గాలి కొలతల మధ్య పొంతన లేక లెక్కలో పెద్ద అలలు లేచాయి. ఆ కొలతలను ముందుగా సరిచేస్తే ఆరు గంటల మార్పు 145 నుంచి ఒక హెక్టోపాస్కల్ లోపుకు దిగింది. మెట్లు చెరిపేసి ఉంటే ఇది ఎవరికీ తెలిసేది కాదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గంజాం జిల్లా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, ముందే లక్షల మందిని తరలించారు. ఆ ముందస్తు హెచ్చరిక వెనక కూడా గళ్ల లెక్కలు ఉన్నాయి. బరంపురం తెలుగువారికి ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది.

గళ్ల నోటు పుస్తకంలో చేయండి

మన బడుల్లో కంప్యూటర్ గది లేకపోయినా ఫర్వాలేదు. ఒకదాని మీద ఒకటిగా ఐదు గళ్లు గీయండి. ఇవి ముద్రించిన ఐదు పొరలనుకోండి. అన్నిటికన్నా కిందిది ఎప్పుడూ 40 డిగ్రీలు. అన్నిటికన్నా పైది, ఇప్పుడే పోసినది, ఎప్పుడూ 200. నడుమ మూడింటిలో మొదట 40 వేయండి. ప్రతి అడుగులో నడిమి గళ్లకు కొత్త అంకె ఇలా కట్టండి: తన అంకెలో సగం, పై గడి, కింది గడి మొత్తంలో నాలుగో వంతు, రెండూ కలపాలి. ఉదాహరణకు ఒక గడిలో 80, కింద 40, పైన 200 ఉంటే, 40కి 60 కలిపి 100. అడుగు తర్వాత అడుగు వేస్తూ పోతే నడిమి గళ్లు కింది నుంచి 80, 120, 160 దగ్గరకు చేరుతుంటాయి.

ఇప్పుడు తొందరపడి నాలుగు అడుగులను ఒకే అంగలో వేయండి. అప్పుడు సూత్రం ఇలా మారుతుంది: పై గడి, కింది గడి మొత్తం లోంచి తన అంకె తీసేయాలి. మొదటి నుంచి మూడు అంగలు వేయండి. నట్టనడిమి గడిలో మైనస్ 120 వస్తుంది. చుట్టూ 40కి తక్కువ లేనిచోట గడ్డకట్టే చలి పుట్టింది! గడి కొలతకూ, కాలపు అడుగుకూ ఒక హద్దు ఉండాలని 1928లో కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ నిరూపించారు. కోట్ల రూపాయల యంత్రం నడిపే ఇంజినీరు కూడా ఆ హద్దును గుర్తుంచుకోవలసిందే.

ఆ మైనస్ 120ను రబ్బరుతో చెరపకండి. ఏ మెట్టులో ఎలా వచ్చిందో పక్కన రాసి, మీ మాస్టారికి చూపించండి.